ఒడ్డూ పొడుగూ, చేతి బలమూ ఉంటేనే క్వార్టర్‌బ్యాక్ అవుతాడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. మీ అబ్బాయికి 14 ఏళ్లు, డాలస్ దగ్గర హైస్కూల్లో ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఈ ఎత్తుతో, ఈ చేత్తో పైకి వెళ్లడం కష్టం, బంతి అందుకునే రిసీవర్‌గా మారమని కోచ్ అన్నారు. ఇంకోపక్క ఒక ప్రైవేట్ ట్రైనర్ చేతి బలం పెంచుతానని మూడు వేల డాలర్ల ప్యాకేజీ చెప్పాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకునేది ఎవరో తేల్చేవి నిజంగా ఒడ్డూ పొడుగూ, చేతి బలమేనా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. గుమ్మం దాటనిచ్చేవి అవే. లోపల నిలబెట్టేవి మాత్రం అవి కావు. ఒక కనీస స్థాయి అంటూ ఉంది. దానికి దిగువన ఉంటే తలుపు దాదాపు మూసినట్టే, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఆ స్థాయి దాటాక మాత్రం ఇంకో రెండు అంగుళాల ఎత్తు వల్ల, ఇంకో పది యార్డులు దూరం విసరగలగడం వల్ల ఒరిగేది తక్కువ. ఎటు విసరాలో రెండున్నర సెకన్లలో తేల్చుకుని, బంతిని సరిగ్గా అక్కడే పెట్టగలిగినవాడు మిగులుతాడు.

నా సంగతి. తెనాలిలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ణి. టెక్సాస్‌లో హైస్కూల్ లెక్కల టీచర్‌ని. ఇక్కడ స్కూల్ కోచ్‌లు చాలామంది పగలు పాఠాలు చెప్పేవాళ్లే కదా, అలా తొమ్మిదేళ్లుగా క్వార్టర్‌బ్యాక్‌లను చూసుకునే పని నా నెత్తిన పడింది. నా దగ్గర ఆడినవాళ్లెవరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లలేదు, అదీ ముందే చెబుతున్నాను. కాలేజీ జట్లకు వెళ్లినవాళ్లున్నారు. వెళ్తాడనుకుని నేను పొరబడ్డవాళ్లూ ఉన్నారు.

ఈ ఆట తెలియకుండా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి ఆట ముక్కా స్నాప్‌తో మొదలవుతుంది, అంటే మధ్యలో ఉన్నవాడు బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందిస్తాడు. అవతల నుంచి నలుగురైదుగురు అతని మీదికి దూకుతుంటారు. ఇటువైపు అయిదుగురు భారీ మనుషులు (లైన్‌మెన్) వాళ్లని ఆపుతూ ఉంటే, ఆ కాసేపట్లో ముందుకు పరుగెత్తుతున్న నలుగురైదుగురిలో ఎవరు ఖాళీగా దొరుకుతారో చూసి బంతి విసరాలి. అందుకే క్వార్టర్‌బ్యాక్ అనగానే అందరి కళ్లూ అతని ఎత్తు మీద, చెయ్యి మీద పడతాయి.

లెక్కల మాస్టారిని కాబట్టి ముందు ఒక లెక్క. బలమైన చెయ్యి అంటే గంటకు 55 మైళ్ల వేగం అనుకుందాం. ఓ మోస్తరు చెయ్యి 50 మైళ్లు. సెకనుకు సుమారు 81 అడుగులు, 73 అడుగులు అన్నమాట. 25 యార్డుల పాస్, అంటే 75 అడుగులు. గాలి ఒరిపిడి పక్కన పెడితే మొదటిది 0.93 సెకన్లలో, రెండోది 1.02 సెకన్లలో చేరుతుంది. తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. ఆ వ్యవధిలో సెకనుకు 20 అడుగులు పరుగెత్తే కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాపు కాసే అవతలివాడు) రెండడుగుల లోపే కదులుతాడు. అదే క్వార్టర్‌బ్యాక్ విసరాలా వద్దా అని 0.3 సెకన్లు తటపటాయిస్తే ఆ కార్నర్‌బ్యాక్ ఆరడుగులు వచ్చేస్తాడు. చెయ్యి సంపాదించిపెట్టేది రెండడుగులు, బుర్ర ఆలస్యం పోగొట్టేది ఆరడుగులు. మా పిల్లలకు ప్రతి ఆగస్టులో ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తాను. సగం మంది ఆవలిస్తారు, అది వేరే సంగతి.

ఆ రెండడుగులు తీసిపారేసేవని కాదు. పై స్థాయిలో రిసీవర్‌కీ కార్నర్‌కీ మధ్య ఖాళీ అంతే ఉంటుంది, కొన్నిసార్లు అంతకూడా ఉండదు. కనీస స్థాయి అన్నది అందుకే. మన క్రికెట్‌లో చూడండి, 145 కిలోమీటర్ల వేగం ఉన్న ప్రతివాడూ టెస్టు బౌలర్ కాలేదు. అలాగని 115 వేగంతో ఫాస్ట్ బౌలర్‌నంటే ఎవరూ బంతి ఇవ్వరు.

ఇక పేర్లు. బలమైన చేతుల జాబితా తీస్తే అందులో వాడిపోయినవాళ్లు బోలెడుమంది. 2007 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటి పేరు జమార్కస్ రసెల్. ఆరడుగుల ఆరంగుళాలు, 260 పౌండ్ల పైన బరువు, చెయ్యి ఫిరంగి. 25 మ్యాచ్‌ల్లో మొదటి నుంచి ఆడి 7 గెలిచాడు, 2010లో జట్టు వదిలేసింది. 2003లో కైల్ బోలర్ మైదానం నడిమి గీత మీద మోకాళ్లపై కూర్చుని విసిరితే బంతి గోల్‌పోస్టుల మధ్య నుంచి వెళ్లిందని అప్పట్లో ఊరంతా అదే మాట. బాల్టిమోర్ మొదటి రౌండులోనే తీసుకుంది. చివరికి కెరీర్ మొత్తం లెక్కేస్తే టచ్‌డౌన్‌ల (స్కోరు తెచ్చిన పాస్‌లు) కంటే ఇంటర్‌సెప్షన్‌లే (అవతలివాళ్లు పట్టేసిన పాస్‌లు) ఎక్కువ. నాకు ఆ మోకాళ్ల కథ విన్నప్పుడల్లా ఒకటే సందేహం. మ్యాచ్‌లో ఎవరు మోకాళ్ల మీద కూర్చుని విసురుతారండీ?

రెండోవైపు చూడండి. టామ్ బ్రేడీని 2000లో ఆరో రౌండులో, 199వ స్థానంలో తీసుకున్నారు. అతనికి ఎత్తు ఉంది, ఆరడుగుల నాలుగు. కానీ ఒళ్లు బక్కపలచన, పరుగు నత్తనడక, చెయ్యి మామూలు అన్నారు. ఏడు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్) గెలిచాడు. డ్రూ బ్రీస్ ఎత్తు సరిగ్గా ఆరడుగులు. 2001లో మొదటి రౌండు దాటాక గానీ పిలుపు రాలేదు. 2005 సీజన్ ఆఖరి మ్యాచ్‌లో విసిరే చేతి భుజం దెబ్బతింది. ఆ తర్వాత న్యూ ఆర్లియన్స్ వెళ్లి సూపర్ బౌల్ గెలిచి, రిటైరయ్యేనాటికి పాస్‌లతో మొత్తం 80,358 యార్డులు సాధించాడు. రసెల్ విల్సన్ ఆరడుగులు కూడా లేడు, 2012లో 75వ స్థానం, రెండో సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు. బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో 262వ పేరు, అంటే ఆఖరి పేరు. 2025లో అయిదేళ్లకు 265 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు.

వీళ్లందరికంటే పేటన్ మానింగ్ కథ నాకు గట్టి రుజువులా కనిపిస్తుంది. మెడ ఆపరేషన్‌ల వల్ల 2011 సీజన్ మొత్తం బయట కూర్చున్నాడు. నరం దెబ్బతిని విసిరే చేతిలో పూర్వపు బలం లేదు. తర్వాత విసిరిన బంతులు కొన్ని గాల్లో ఊగిసలాడుతూ వెళ్లేవి, టీవీలో చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఆ చేత్తోనే 2013లో 55 టచ్‌డౌన్‌లు, 5,477 యార్డులు. రెండూ ఒక సీజన్‌కి రికార్డులు. ఒకే మనిషి, చెయ్యి తగ్గింది, ఫలితం పెరిగింది. స్నాప్‌కి ముందే అవతలి జట్టు ఏం చేయబోతోందో చదివేసేవాడు కాబట్టి బంతి త్వరగా చేతి నుంచి వెళ్లిపోయేది. అయితే అది కూడా ఒక హద్దు వరకే. 2015కి వచ్చేసరికి చెయ్యి ఆ కనీస గీత కిందికి జారింది, ఆ ఏడాది సూపర్ బౌల్ గెలిపించింది ప్రధానంగా అతని జట్టు డెన్వర్ డిఫెన్స్.

ఎత్తు సంగతిలో ఒక అపోహ ఉంది. పొడుగువాడు లైన్‌మెన్ తలల మీదుగా చూస్తాడని. ముందు నిలబడే అయిదుగురూ ఆరడుగుల నాలుగు, ఆరడుగుల అయిదు ఉంటారు, పైన హెల్మెట్లు. బ్రేడీ అయినా వాళ్ల తలల మీదుగా మొత్తం చూడలేడు. అందరూ చూసేది మనుషుల మధ్య సందుల్లోంచే. పొట్టివాడు ఆ సందు కోసం ఒక అడుగు పక్కకు జరగాలి, లేదా ఇంకాస్త వెనక్కి దిగాలి. వెనక్కి దిగితే చివర్లలో కాపు కాసే టాకిల్‌లకు కోణం చెడి, పక్కల నుంచి వచ్చేవాడికి దారి దొరుకుతుంది. అవతలివాళ్ల చేతికి తగిలి కిందపడే బంతులూ కొంచెం ఎక్కువ. నేను గమనించినంతలో పొట్టి క్వార్టర్‌బ్యాక్‌లు మైదానం నడిమి భాగానికి విసరడానికి జంకుతారు, అంచులకే పోతుంటారు. ఇవన్నీ నిజమైన ఖర్చులే. బ్రీస్ లాంటివాళ్లు పాదాలతో, ముందే తేల్చుకోవడంతో ఆ ఖర్చు పూడ్చుకున్నారు. అందరికీ అది చేతకాదు.

ఒంటి గట్టిదనం ఇంకో సంగతి. దీన్ని నేను ఎత్తు కంటే సీరియస్‌గా తీసుకుంటాను. టువా టాగోవైలోవా 2023లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాసింగ్ యార్డులు సాధించాడు, బంతి ఎక్కడ పెట్టాలో అంత బాగా తెలిసినవాళ్లు అరుదు. కానీ 2022లో తలకు దెబ్బలు, 2024లో మళ్లీ దెబ్బ. 250 పౌండ్ల మనిషి వచ్చి గుద్దితే తట్టుకోవడానికి కండ, మెడ బలం, పడడం తెలియడం కావాలి. మీ అబ్బాయికి ఏదైనా పెంచాలంటే అది పెంచండి.

బ్రైస్ యంగ్ 2023లో మొదటి పేరు, ఎత్తు 5 అడుగుల 10. మొదటి ఏడాది 16 మ్యాచ్‌ల్లో రెండే గెలిచాడు. "చూశారా, పొట్టివాణ్ణి తీసుకుంటే ఇంతే" అని మా టీచర్ల గదిలో కూడా అన్నారు. ఆ ఏడాది అతన్ని 62 సార్లు పడగొట్టారు. ముందున్న గోడ కూలిపోతుంటే వెనక ఉన్నవాడి ఎత్తు కొలవడం ఏమిటో! 2024లో రెండు మ్యాచ్‌ల తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టారు, మళ్లీ అవకాశం వచ్చాక అదే ఎత్తుతో బాగా ఆడాడు. ఏ జట్టుకి వెళ్తాడు, ఎవరు నేర్పుతారు అన్నవి చేతి బలం కంటే పెద్ద విషయాలని నాకనిపిస్తుంది. సామ్ డార్నాల్డ్‌నే చూడండి, 2018లో మూడో పేరు, రెండు జట్లలో పనికిరాడనిపించుకుని 2024లో మిన్నెసోటాలో 14 మ్యాచ్‌లు గెలిచాడు. చెయ్యి మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

జాష్ ఆలన్‌ని చూపించి "చేతి బలమే ముఖ్యం" అనేవాళ్ల మాట పూర్తిగా నమ్మకండి. చెయ్యి నిజంగానే అసాధారణం, ఆరడుగుల అయిదు. కానీ ఆ చెయ్యి ఉన్న మొదటి ఏడాది, 2018లో, విసిరినవాటిలో 52.8 శాతమే చేరాయి. 2020లో 69.2 శాతం. ఆ రెండేళ్లలో చెయ్యి బలపడలేదు. పాదాలు, నడుము తిరిగే క్రమం సరిచేసుకున్నాడు, జట్టు స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్‌ని తెచ్చిపెట్టింది. 2024లో లీగ్ ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ) అయ్యాడు. అదే రకం ఒడ్డూ పొడుగూ, అదే రకం చెయ్యి ఉన్న ఆంథొనీ రిచర్డ్‌సన్‌ని 2023లో నాలుగో పేరుగా తీసుకున్నారు. 2024లో అతని శాతం 47.7. ఇద్దరికీ గుమ్మం ఒకటే, లోపల కథలు వేరు.

ఆలన్ గురించి మీలాంటి తండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి. హైస్కూల్ అయ్యేసరికి బక్కగా ఉండేవాడు, కాలిఫోర్నియాలో చిన్న వ్యవసాయ ఊరు. పెద్ద కాలేజీ ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. జూనియర్ కాలేజీలో చేరి అక్కడి నుంచి వయోమింగ్ యూనివర్సిటీకి వెళ్లాడు. 17 ఏళ్లప్పుడే అంతమంది నిపుణులు పొరబడ్డారంటే, 14 ఏళ్లకు కొలతలు చూసి ఎవరైనా ఏం చెప్పగలరు?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఆరేళ్ల కిందట మా జట్టుకి ఇద్దరు పోటీ. ఒకడు ఆరడుగుల నాలుగు, 60 యార్డులు విసిరేవాడు. మనసులో వాడికి తాటిచెట్టు అని పేరు పెట్టుకున్నాను. రెండోవాడు 5 అడుగుల 9, వాడు బుడంకాయ. హెడ్ కోచ్ అడిగితే మారుమాట లేకుండా తాటిచెట్టు అన్నాను. మొదటి మూడు మ్యాచ్‌లు బలహీనమైన జట్లతో, బాగానే గడిచాయి. నాలుగో మ్యాచ్‌లో అవతలివాళ్లు అందరికంటే వెనక కాపు కాసే సేఫ్టీలను ఇద్దరిని చూపించి, స్నాప్ అవగానే ఒకణ్ణి కిందికి దింపేవారు. మావాడు స్నాప్‌కి ముందు చూసిన బొమ్మే మనసులో పెట్టుకుని, అదే రిసీవర్ వైపు కళ్లప్పగించి చూసి, అదే పాస్ మూడుసార్లు అవతలివాళ్ల చేతిలో పెట్టాడు. బంతి బుల్లెట్‌లాగే వెళ్లింది, ఆలస్యంగా వెళ్లింది.

అయినా "ఇంకో వారం చూద్దాం" అని అడ్డుపడ్డాను. చూడడానికి క్వార్టర్‌బ్యాక్‌లా ఉన్నాడు మరి! అక్టోబర్‌లో ఒక ఆదివారం ఇంట్లో ఫిల్మ్ చూస్తూ స్టాప్‌వాచ్ పెట్టాను. స్నాప్ నుంచి బంతి చెయ్యి విడిచేదాకా తాటిచెట్టుకి సగటున 3.1 సెకన్లు. ప్రాక్టీస్ ఫిల్మ్‌లో బుడంకాయకి 2.4. అప్పటిదాకా నేను ఇద్దరి దూరం కొలిచాను, ఎత్తు కొలిచాను, బెంచ్ ప్రెస్ కూడా కొలిచాను. ఇదొక్కటీ కొలవలేదు. ఏడో మ్యాచ్ నుంచి మార్చాం, మిగిలిన నాలుగింట్లో మూడు గెలిచాం. ఓడిన ఆ ఒక్కటీ ఈదురుగాలి వీచిన రాత్రి. బుడంకాయ విసిరిన బంతి పిచ్చుకలా ఊగిపోయింది. చేతి బలం అవసరం ఎక్కడో నాకు ఆ రాత్రి కళ్లకు కట్టింది.

తర్వాత ఏమైందంటే, స్కాలర్‌షిప్ వచ్చింది తాటిచెట్టుకే, క్వార్టర్‌బ్యాక్‌గా కాదు, టైట్ ఎండ్‌గా, అంటే అవతలివాళ్లని అడ్డుకుంటూ బంతి కూడా అందుకునే స్థానంలో. ఒళ్లుంటే ఇంకో స్థానమైనా దొరుకుతుంది. లోగన్ థామస్ కూడా అంతే, 2014లో క్వార్టర్‌బ్యాక్‌గా డ్రాఫ్ట్ అయి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టైట్ ఎండ్‌గా నిలబడ్డాడు. బుడంకాయ డివిజన్ త్రీ కాలేజీలో సొంత డబ్బుతో చదువుకుంటూ ఆడాడు, అక్కడ ఆటకు స్కాలర్‌షిప్‌లు ఉండవు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అన్న సామెత నమ్ముకుని ఏ కాలేజీ కోచ్ సీటు ఇవ్వడు. పొడుగువాడు తప్పు చేస్తే "నేర్చుకుంటున్నాడు" అంటారు, పొట్టివాడు అదే తప్పు చేస్తే "అందుకే వద్దన్నాం" అంటారు. ఇది న్యాయం కాదు, కానీ లెక్కలో వేసుకోక తప్పదు.

మీ అబ్బాయి దగ్గరికి వస్తాను. మీ ఎత్తు 5 అడుగుల 9, మీ ఆవిడ 5 అడుగుల 4 అన్నారు. పిల్లల డాక్టర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. అబ్బాయికైతే అమ్మానాన్నల ఎత్తులు సెంటీమీటర్లలో కలిపి, 13 కలిపి, రెండుతో భాగించాలి. మీకు సుమారు 175, అంటే 5 అడుగుల 9. దానికి అటూ ఇటూ మూడంగుళాలు తేడా రావచ్చు. 5 అడుగుల 9 దగ్గర ఆగితే ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ అవకాశం లేనట్టే అనుకోండి. కైలర్ మర్రీ, బ్రైస్ యంగ్‌లాంటి వాళ్లే 5 అడుగుల 10, అదే ఈ కాలంలో అంచు. ఆరడుగుల దాకా పెరిగితే తలుపు కొంచెం తెరిచి ఉంటుంది. కానీ ఆ మాటకొస్తే ఏ ఎత్తువాడికైనా కాలేజీ ఆటగాళ్లలో వందకి ఇద్దరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్‌కి చేరరు. ఇప్పటి నుంచే దాని గురించి టెన్షన్ పడి పిల్లవాణ్ణీ టెన్షన్‌లో పడేయకండి.

మీ కోచ్ అన్నదాంట్లో అర్థం ఉంది. హైస్కూల్ మైదానంలో హ్యాష్ గీతలు (స్నాప్ ఈ గీతల మీదో, వాటి మధ్యలోనో జరుగుతుంది) దూరంగా ఉంటాయి, మైదానాన్ని మూడు సమాన భాగాలు చేస్తాయి. ఎడమ గీత దగ్గర నుంచి కుడి అంచుకు అడ్డంగా 35 యార్డులకు పైనే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గీతలు దగ్గరగా ఉంటాయి, అదే కొలత 30 యార్డులకు కాస్త తక్కువ. అంటే 14 ఏళ్ల పిల్లవాడి చెయ్యి పెద్దవాళ్లకంటే దూరం విసరాల్సి వస్తుంది, బలహీనత కొట్టొచ్చినట్టు కనిపించేది అక్కడే. కోచ్ చూసింది అదే అయ్యుంటుంది. ఒక సీజన్ రిసీవర్‌గా ఆడనివ్వండి, నష్టం లేదు. బంతి ఎప్పుడు రావాలో అందుకునేవాడికి తెలిసినంతగా విసిరేవాడికి తెలియదు. కానీ వారానికి రెండు రోజులైనా క్వార్టర్‌బ్యాక్ మీటింగుల్లో కూర్చోనివ్వమని అడగండి, చాలామంది కోచ్‌లు కాదనరు.

ఆ మూడు వేల ప్యాకేజీ మాత్రం ఇప్పుడు వద్దు. విసిరే బలం ఎక్కువగా వచ్చేది కాళ్ల నుంచి, నడుము తిప్పడం నుంచి. అది వయసుతో, మామూలు వ్యాయామంతో 20 ఏళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది. ఈ వయసులో భుజం, మోచేతి ఎముకల చివర్లు ఇంకా పెరుగుదలలో ఉంటాయి. బరువు బంతులతో రోజూ వందలసార్లు విసిరిస్తే అక్కడే దెబ్బ తగులుతుంది. విసిరినప్పుడు భుజం నొప్పి అంటే ఐస్ పెట్టి మళ్లీ పంపకండి, ఆపి డాక్టర్‌కి చూపించండి.

దాని బదులు ఒక పని చేయండి. ఈ సీజన్ ఫిల్మ్‌లో అతను విసిరిన ఏవైనా 30 పాస్‌లు తీసుకోండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి స్నాప్ నుంచి బంతి చెయ్యి విడిచేదాకా ఒక్కోదానికి టైము రాయండి. పక్కనే బంతి రిసీవర్‌కి ఎక్కడ చేరిందో కూడా రాయండి, ఛాతీకా, వెనక భుజానికా, కాళ్ల దగ్గరికా అని. ఆ తర్వాత స్నాప్‌కి ముందు వీడియో ఆపి, సేఫ్టీ ఎక్కడున్నాడు, ఎటు విసురుతావు అని మీ అబ్బాయినే అడిగి, జవాబు మూడో గడిలో రాయండి. పేర్లు లేకుండా ఆ పట్టిక ఇక్కడ పెట్టండి. ఈ శనివారం తీరిగ్గా ఉన్నాను, చూసి చెబుతాను.